దాణాలో మందు, ఊకలో బూజు

ఒక పెద్ద అడవిలో, వాసనకు జడిసి నక్క కూడా అడుగుపెట్టని మూలన, కోళ్ల సంఘం వారి గూడు ఉండేది. ఆ వానాకాలం గూట్లో పరిచిన ఊకకు బూజు పట్టింది. పిల్లలంతా దగ్గు. అందరికంటే ఎక్కువ దగ్గేది ముసలికోడి చుక్కలమ్మ మనవరాలు పొన్ని.

చుక్కలమ్మ బడి మొహం చూడలేదు. పల్లీల పొట్లాల కాగితాలు చదివీ చదివీ పెద్ద చదువరి అనిపించుకుంది. ఈమధ్య చదివింది బుర్రలో నిలవడం లేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సభ పెట్టారు.

"బూజుకు మందుందని చదివానన్నారు కదా చుక్కలమ్మ గారూ, ఎందులో కలపాలి? దాణాలోనా, ఊకలోనా?" అన్నాడు అధ్యక్షుడు నెమలి, తోక సర్దుకుంటూ.

చుక్కలమ్మ కళ్లు మూసుకుని ఆ కాగితాన్ని తలుచుకుంది. కాగితం రంగు గుర్తుంది, దానిమీది నూనె మరక గుర్తుంది. అసలు మాటే ఎగిరిపోయింది. ఆ మాట బయటపెడితే ముసల్దానికి మతి పోయిందంటారు.

"దాణాలో!" అంది మెడ నిక్కించి. "తిన్న మందు రెట్టలో దిగుతుంది. రెట్ట ఊకలో పడుతుంది. బూజు చస్తుంది."

"ఏం బుర్రండీ!" అన్నాడు గుమాస్తా కాకి. "అయితే వంతులేసుకుని రోజూ ఊక తిరగేసే పని కూడా రద్దు. రాసేస్తున్నా."

నెల తిరిగింది. దాణా గింజమీద బూజు చుక్క లేదు. నీళ్లతొట్టి కారి తడిసిన ఊకమీద మాత్రం దూదిలా లేచింది.

"అవ్వా, ఊపిరాడటం లేదే," అంది పొన్ని.

చుక్కలమ్మ సభకు పరిగెత్తింది. "తప్పు నాదే నాయనా! గుర్తులేక నోటికొచ్చింది చెప్పాను. తొట్టి బాగుచేయించండి, ఊక ఆరబెట్టించండి."

నెమలి కళ్లు చెమర్చాయి. "నెలకిందట మరిచిపోయిన సంగతి ఇవాళ్టికీ గుర్తుందంటే ఎంత జ్ఞాపకశక్తి! ఈమె మనకు శాశ్వత సలహాదారు. మందు రెట్టింపు చేయండి."

శాలువా కప్పారు. చుక్కలమ్మ ఆ శాలువానే చింపి తొట్టి కన్నంలో కుక్కింది. ఎండ కాసినంతసేపూ ఒక్కతే కాళ్లతో ఊక చిమ్మి ఆరబోసింది. వారానికి పొన్ని దగ్గు తగ్గింది.

"చూశారా రెట్టింపు మందు మహిమ!" అని సభ రెక్కలు కొట్టింది.

నీతి: తప్పు ఒప్పుకునేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి, సన్మానం చేసినా చేస్తారు.