ఉబ్బిన బీరువా

ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ, పడగ్గదిలోని బీరువాకు రంగు వెయ్యాలని సైన్సు మాస్టారు నిర్ణయించుకున్నారు. ఆయన భార్య లాయరు. ఆవిడ అక్కగారింటికి వెళ్లింది, సాయంత్రం దాకా రాదు. ఆ బీరువా అసలు చెక్క కాదు. రంపప్పొట్టును జిగురుతో అదిమి, పైన చెక్క చారలు అచ్చేసిన కాగితం అంటించిన పార్టికల్ బోర్డు సరుకు. చవగ్గా వస్తోందని ఆరేళ్ల కిందట కొని, మాస్టారే స్వయంగా బిగించారు. మూడు మరలు మిగిలాయి. అప్పట్నుంచీ భార్య దాన్ని పల్లెత్తు మాట అనలేదు కాబట్టి, ఆవిడకు అదంటే ప్రాణమని ఆయన నమ్మకం.

రంగుల కొట్టతను గరుకు కాగితంతో పైపైన రుద్ది, ప్రైమర్ పూసి, అది ఆరాక రంగు వెయ్యమన్నాడు. నీళ్లు మాత్రం తగలనివ్వొద్దని రెండుసార్లు చెప్పాడు. ఇరవై ఏళ్లుగా నీటి ధర్మాలు బోధిస్తున్న తనకే నీళ్ల పాఠమా అని మాస్టారు లోలోపల నవ్వుకున్నారు. ఇంటికొచ్చి బీరువాకు సబ్బునీళ్లతో తలంటి పోసినంత పని చేశారు.

అరగంటలో తలుపుల అంచులు పాలలో నానిన రొట్టెలా పొంగాయి. గట్టిగా రుద్దితే చదునవుతుందనుకున్నారు. కాగితం చిరిగి లోపలి పొట్టు జలజలా రాలింది. ఆ గుంటలు కనబడకుండా రంగు దట్టంగా మెత్తారు. కంగారులో తలుపులు నొక్కి మూసేసరికి రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని ఇక తెరుచుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది, లాయరుగారి నల్లకోటు లోపలే ఉందని. ఆవిడకున్నది ఆ ఒక్క కోటే. మర్నాడు పదింటికి కోర్టులో వాదన.

గోరుచుట్టు మీద రోకటిపోటులా సరిగ్గా అప్పుడే ఆవిడ ఫోన్ చేసింది. గొంతులో తేడా కనిపెట్టి, ఏమైందని గుచ్చి గుచ్చి అడిగింది. మాస్టారికి అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెప్పే ధైర్యం లేదు. రెంటికీ మధ్యన ఏదో చెప్పారు.

"ఏం లేదు. కొంచెం ఉబ్బింది. ఆరితే తగ్గిపోతుంది."

"ఉబ్బిందా? మరీ ఎక్కువగా ఉందా?"

"ఏమో, చూడలేకపోతున్నాను," అని ఫోన్ పెట్టేశారు.

ముప్పావుగంటలో ఆవిడా, వెనకే మందుల సంచీతో డాక్టరైన తోడల్లుడూ దిగారు. డాక్టరు మాస్టార్ని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లలోకి టార్చి వేసి, నాలుక చాపించి, ఎక్కడ ఉబ్బిందని అడిగాడు. మాస్టారు చాపిన నాలుక చాపినట్టే ఉంచి, బీరువా వైపు వేలు చూపించారు.

డాక్టరు దాన్ని ఎగాదిగా చూశాడు. "ఎన్నింటి నుంచి ఇలా ఉంది?" అని అడుగుతూ పిడి పట్టుకుని ఓ గుంజు గుంజాడు. మరలు బిగించిన చోట పొట్టు విడిపోయి తలుపు మొత్తం అతని చేతికొచ్చింది. మిగతా బీరువా పక్కకి ఒరిగి, మెల్లగా కూలబడింది. లాయరుగారు ఆ కుప్పలోంచి కోటు లాగి దులిపింది. చిత్రంగా దానికి రంగు అంటలేదు.

"నీకంత ఇష్టమైన బీరువా. కొత్తదానిలా చేసి చూపిద్దామనుకున్నాను," అన్నారు మాస్టారు తల వంచుకుని.

ఆవిడ కోటు మడిచి చేతి మీద వేసుకుంది. "నాకు ఇష్టమని ఎవరన్నారు? మీ చేత్తో బిగించుకున్నారు, పారేస్తే బాధపడతారని ఆరేళ్లుగా ఓర్చుకుంటున్నాను."

మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తోడల్లుడు మాత్రం తలుపు చేతిలో ఉండగానే కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

ముక్కలన్నీ బయట పడేసి వచ్చాక, లాయరుగారు హాల్లో మాస్టారే బిగించిన టీవీ బల్లను చాలాసేపు పరీక్షగా చూసింది.

"వచ్చే ఆదివారం కూడా నేను ఇంట్లో ఉండనండీ," అంది. "దానిక్కూడా కాస్త రంగు వేసి పెట్టండి."