చెవిలో ముగింపు సంగీతం

ఆ ఉదయం గుమస్తా పెట్టుకున్న పని ఒక్కటే: జుట్టు కత్తిరించుకుని ఆఫీసు గ్రూప్ ఫొటోకి వెళ్లడం. నీటి బిల్లుల విభాగంలో ఎప్పుడు ఫొటో తీసినా చివర నిలబడి, సగం చెవి పడితే చాలని సరిపెట్టుకున్న మనిషి. ఈసారి పై అధికారి స్వయంగా, "మీరు మధ్యలో నిలబడండి" అన్నాడు.

సెలూన్‌లో తలకి ఒక పక్క పూర్తయింది. రెండో పక్కకి వచ్చేసరికి కత్తెర ఆగిపోయింది. గుమస్తా అద్దంలోకి చూశాడు. బార్బరు గుమస్తా తలకేసి చూస్తూ ఏడుస్తున్నాడు.

బార్బరుకి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. కూతురు అలవాటు చేసిన జపాన్ బొమ్మల సీరియల్, వాళ్ల భాషలో యానిమే, నిన్ననే ముగిసింది. చివర్లో పేర్లు పడేటప్పుడు వచ్చే సంగీతం మళ్లీ వింటున్నాడు. వయొలిన్లన్నీ ఒక్కసారిగా లేచేసరికి అతని వల్ల కాలేదు. ఆ చెవి గుమస్తాకి కనిపించని వైపుంది.

"ఏమైందయ్యా?"

"ఎంత మంచివాడు సార్! ఇంకా ఏం వయసని..."

గుమస్తా చెయ్యి తల మీదికి వెళ్లింది. "డాక్టరుకి చూపిస్తే?"

"ఏ డాక్టరూ ఏం చెయ్యలేడు సార్. అందరికీ ముందే తెలుసు, అతనికి తప్ప."

మొహం మీద చెప్పలేక 'అతను' అంటున్నాడనుకున్నాడు గుమస్తా. అందరికీ తెలుసా! పొద్దున భార్య అడక్కుండానే రెండో కాఫీ ఇచ్చింది. పై అధికారి మధ్యలో నిలబడమన్నాడు. గుమస్తాకి లెక్క సరిపోయింది: పోయేది తనే. ఇంటికి ఫోన్ చేశాడు.

"సెలూన్‌లో ఉన్నాను. మీ తమ్ముణ్ణి రమ్మను. ఇకనుంచి మనింట్లోనే ఉండమను."

"ఏమన్నారు?"

"వయొలిన్ కూడా తెచ్చుకోమను."

అవతల ఏదో గిన్నె కిందపడింది. బావమరిది వయొలిన్ నేర్చుకోవడం మొదలుపెట్టిన రోజే అతన్ని ఇంట్లోంచి పంపించేసిన మనిషి ఈయన. బాగున్న మనిషి ఈ మాట అనడు. ఆమె తమ్ముణ్ణి సెలూన్‌కే రమ్మని కబురు చేసి, ఏడుస్తూ అక్కడికి పరిగెత్తింది.

"ఏమండీ, ఎక్కడ నొప్పి?"

"తెలిసి కూడా ఎందుకు దాచావు? ఆ రెండో కాఫీ ఏంటి?"

"మిగిలిపోయిందండీ! పారబొయ్యడం ఎందుకని ఇచ్చాను."

గుమస్తా బార్బరు వైపు తిరిగాడు. "నా తలలో ఏం చూశావయ్యా?"

"చుండ్రు సార్."

"మరి పోయేదెవరు?"

"కెప్టెన్ సార్. ఓడని ఒడ్డుకి చేర్చి పోయాడు."

"ఏ ఓడ?"

"మాటల్లో చెప్తే మీకు ఎక్కదు సార్" అని బార్బరు ఇయర్‌ఫోన్ పీకేసి ఫోన్ బల్ల మీద పెట్టాడు.

మొదట ఒక్క వేణువు, పక్కగదిలోంచి ఎవరో మెల్లగా పిలిచినట్టు. దాని కిందికి వయొలిన్లు వచ్చాయి. తర్వాత మొత్తం వాద్యాలు. గుమస్తాకి ఆ కెప్టెన్ తెలీదు, ఆ ఓడా తెలీదు. అయినా ఫోన్ వైపు వంగి విన్నాడు. సగం చెవితో మిగిలిపోయిన ఫొటోలన్నీ ఎందుకో గుర్తొచ్చాయి. భార్య కొంగు అప్పటికే తడిసిపోయింది.

ఉన్నట్టుండి గుమస్తాకి తెలివొచ్చింది. "మీ తమ్ముణ్ణి రావొద్దను!"

"బయల్దేరిపోయాడండీ."

తలుపు తెరుచుకుంది. ఒక చేత్తో సూట్‌కేసు, ఇంకో చేత్తో వయొలిన్ పెట్టె. బావమరిది గుమ్మంలోనే ఆగి, సంగీతం చివరిదాకా విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"బావా! ఇది వాయించడం వచ్చేదాకా మీ ఇల్లు కదలను."

గుమస్తా బావురుమన్నాడు. ఈసారి ఎందుకేడుస్తున్నాడో అతనికి స్పష్టంగా తెలుసు.

పక్క కొట్టాయన అద్దాల తలుపులోంచి తొంగిచూశాడు. సగం క్రాఫుతో కుర్చీలో ఒక మనిషి, చుట్టూ ముగ్గురు, అందరూ ఏడుపే. ఏమీ అడగకుండా వెనక్కి వెళ్లి, గౌరవంగా తన షట్టరు సగం దించాడు.