రక్తం రిపోర్టుకు ఎరువుల డోసు

ముందే చెబుతున్నాను, ఎవరూ నవ్వొద్దు. ఏన్కూరులో నాది ఎరువుల కొట్టు. ఇరవై రెండేళ్లుగా రైతులు తెచ్చే మట్టి పరీక్ష కార్డులు చదువుతున్నాను. నత్రజని తక్కువుంటే యూరియా వెయ్యమంటాను, ఎక్కువుంటే తగ్గించమంటాను. అందుకే బాలకృష్ణ అంటే ఎవరికీ తెలియదు, డోసు బాలకృష్ణ అంటే ఇల్లు చూపిస్తారు.

ఆ ధైర్యంతోనే మా ఆవిడ రక్తపరీక్ష రిపోర్టు చదివాను.

పుష్పలతకు నలభై తొమ్మిదేళ్లు. అంగన్‌వాడీ టీచరు. పది నెలలుగా నెలసరి లేదు. చలికాలంలో నేను రగ్గులో వణుకుతుంటే ఆమె ఫ్యాను అయిదు మీద పెట్టేది. ఖమ్మంలో డాక్టర్ జహీదా హార్మోన్ల పరీక్ష రాశారు. ల్యాబులో నా నంబరిచ్చాం కాబట్టి రిపోర్టు నా ఫోన్‌కే వచ్చింది.

ఎఫ్‌ఎస్‌హెచ్ అరవై ఎనిమిది. పక్కన మొదటి వరుసలో పన్నెండు దాటకూడదని ఉంది. దాని కింద ఈస్ట్రడయోల్ అనే ఇంకో హార్మోను మరీ తక్కువగా ఉంది. ఈమెకేమన్నా అయితే అన్నం పెట్టేదెవరన్నది తర్వాతి సంగతి, నాతో పోట్లాడేదెవరు?

ఆమెకు చెప్పకుండా నేనే సరిచేద్దామనుకున్నాను. సోమవారం నుంచి భద్రాచలంలో ఆమెకు మూడు వారాల సూపర్‌వైజర్ ట్రైనింగ్. ఆరేళ్లుగా ఎదురుచూసిన అవకాశం. ముందు దాన్ని ఆపాలి.

"లతా, ఈసారికి ట్రైనింగ్ మానుకోరాదూ?"

"ఎందుకు?"

"భద్రాచలంల దోమలు మస్తున్నయట."

"మనింట్ల లేవా?"

ఆ ప్రయత్నం అక్కడే ముగిసింది.

ఇక డోసు సంగతి. ఎరువుల కంపెనీ రాజేష్ కెమిస్ట్రీ చదివినవాడు, ఏ కార్డయినా చదువుతాడని నా నమ్మకం. పేరు కత్తిరించి రిపోర్టు ఫోటో తీసి, "అర్జెంటు. ఎక్కువున్నది దించాలి, తక్కువున్నది పెంచాలి. డోసు చెప్పు" అని పంపాను. రోజూ కార్డులు పంపే అలవాటు కదా, వేలు రైతుల గ్రూపు మీద పడింది. అందులో రాజేష్‌తో కలిపి రెండు వందల పది మంది.

"అన్నా, ఇది ఏ పంట?" అని రాజేష్. "ఎకరానికెంత?" అని దేవ్‌సింగ్. "జింకు కొట్టు," అని ఇంకెవరో. నేను డిలీట్ నొక్కేలోపే చిన్నక్క చూసి ఫోన్లో దాచుకుంది. రెండెకరాల పత్తి వేసే చిన్నక్క మా ఆవిడ సెంటర్‌లోనే ఆయా.

మధ్యాహ్నం కొట్టు ముందు ఆటో ఆగింది. పుష్పలత దిగింది. వెనక చిన్నక్క, పక్క తండా నుంచి రూప్లి, ఇంకో నలుగురు. యూరియా లారీ వచ్చిన రోజు కూడా నా కొట్టుకు ఇంతమంది ఆడవాళ్లు రాలేదు.

"సారూ, నాకు గూడ గిట్లనే ఒళ్లు మండుతది. నాకేం డోసు?" అంది రూప్లి.

"గాయినకేం తెలుసు. నేను చెప్త," అని పుష్పలత నా కుర్చీలో కూర్చుంది. చిన్నక్క ఫోన్లోని తన రిపోర్టు చూసి, డాక్టరమ్మకు పంపి, మాట్లాడి మరీ వచ్చిందట.

"మెదడు అండాశయాన్ని పిలుస్తది. అది పలకకపోతే ఇంకా గట్టిగ పిలుస్తది. గా గట్టి పిలుపే ఎఫ్‌ఎస్‌హెచ్. ఈయన టీవీ ముందట కూసుంటే నేను పిలుస్త చూడు, గట్ల."

అందరూ నా వైపు చూశారు.

"మరి పన్నెండు దాటొద్దని రాసున్నది గద," అన్నాను.

"అది నెలసరి వచ్చేటోళ్లకు. కింద నాలుగో వరుస సదివినవా? ఆగినోళ్లకు వేరే లెక్క ఉన్నది. అండ్ల నాది సక్కగనే ఉన్నది. ఆ రెండోది తగ్గుడు గూడ మామూలేనట. నంబర్లు నెలకో తీరు ఉంటయి, ఒక్క పరీక్ష తోటి ఏం తేల్చరు. వయసు, ఒంట్ల బాధలు చూసి చెప్తరు. ఒళ్లు మండుడుకు మందులున్నయి, ఎవలికి ఏది పడుతదో డాక్టరమ్మ చూస్తది."

"అంటే జబ్బు గాదా?" అంది చిన్నక్క.

"గాదు. ముప్పై అయిదేండ్లు డ్యూటీ చేసి రిటైరైతంది, అంతే."

రూప్లి కొంగుతో మొహం తుడుచుకుంది. "రెండేండ్ల సంది ఎవ్వలికి చెప్పలె, పెద్ద రోగమేమో అనుకున్న."

"శనివారం అందరం ఖమ్మం పోదాం," అంది పుష్పలత. తర్వాత నా వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదు?"

"భయమైంది లతా," అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

ఆమె బల్ల మీది ఖాళీ మట్టి కార్డు తీసి, నింపి నా చేతిలో పెట్టింది. రైతు పేరు: బాలకృష్ణ. భయం: ఎక్కువ. సలహాలు: మరీ ఎక్కువ. వినడం: చాలా తక్కువ. సిఫారసు: మూడు వారాలు సొంత వంట.

సోమవారం దర్జాగా భద్రాచలం బస్సెక్కింది.

నిన్నటికి తొమ్మిదో రోజు. మాడిన పప్పు ఫోటో తీసి, పేరు రెండుసార్లు చూసుకుని మరీ ఆమెకు పంపాను.

"కార్డు కింది వరుస సదివినవా?" అని జవాబొచ్చింది.

వెతికి చూశాను. అట్టడుగున చిన్న అక్షరాలతో ఉంది: "పచ్చళ్లు, పొడులు అటక మీది డబ్బాల పెట్టిన. మాడింది తినకు."