మామగారు పట్టిన స్టీరింగు

ఆ ఆదివారం పొద్దున్నే గుమాస్తా తన కారు స్టీరింగ్ ఆయిల్ మార్చాలని నిశ్చయించుకున్నాడు. నిశ్చయం ఆయనదే గానీ గడువు మాత్రం భార్యది. పదిహేడేళ్ల ఆ కారు మలుపు తిరిగినప్పుడల్లా జ్వరం తగిలిన మనిషిలా మూలుగుతోంది.

"నేను బజారు నుంచి వచ్చేసరికి ఆ మూలుగు పోవాలి. లేదంటే పాత ఇనుం కొట్టుకి ఫోన్ చేసేస్తా," అని ఆవిడ సంచులు పట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. పుట్టిన కూతుర్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న బండి అది. దాన్ని తూకానికి వేయడమంటే గుమాస్తాకు ప్రాణం తీసినట్టే.

పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బానెట్ ఎత్తి, సిరంజితో స్టీరింగ్ ఆయిల్ డబ్బాలోని నల్లటి ఆయిల్ లాగేసి, కొత్తది పోసి, ఇంజన్ నడుస్తుండగా స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పాలి. సగం ఆయిల్ చొక్కా తాగినా మిగతాది డబ్బాలోకే పోసి మూత బిగించాడు. ఇక తిప్పడానికి ఇంకో మనిషి కావాలి. ఆ పూట ఇంట్లో ఉన్న ఇంకో మనిషి మామగారు. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన ఆయనకు ఇంజన్ల హోరులో చెవులు కాస్త మందగించాయి.

"మామయ్యా, కాస్త సీట్లో కూర్చుని స్టీరింగు తిప్పుతారా?" అని గట్టిగా అడిగాడు.

మామగారు చదువుతున్న పేపరు పక్కన పడేసి లోపలికెళ్లి ఖాకీ చొక్కా తొడుక్కొచ్చారు. సీటు జరుపుకున్నారు. అద్దం సవరించుకున్నారు. "బానెట్ దించు బాబూ, రోడ్డు కనబడ్డం లేదు," అన్నారు.

"మనం రోడ్డెక్కడం లేదు కదండీ."

"అయినా దించు."

పెద్దాయన ముచ్చట కాదనడం దేనికని అల్లుడు దించాడు. "ఇంజన్ చప్పుడులో నా మాట వినబడదు. డోర్ మీద ఒకసారి తడితే ఎడమకి తిప్పండి, రెండుసార్లు తడితే కుడికి," అని చెవి దగ్గర చెప్పాడు. మామగారు తలూపి ఇంజన్ స్టార్ట్ చేశారు.

ఒకసారి తట్టాడు. చక్రాలు బుద్ధిగా ఎడమకి తిరిగాయి. రెండుసార్లు తట్టాడు. ముప్పై ఏళ్లుగా కండక్టరు రెండుసార్లు తడితే బస్సు కదలాలి. ఆ అలవాటు ముందు అల్లుడి ఒప్పందం ఏపాటిది? కారు కదిలి, గేటు దాటి, వీధిలోకి పోయింది.

గుమాస్తా చేతిలో సిరంజితో వెనకే పరుగెత్తాడు. అదృష్టవశాత్తూ కారు బస్‌స్టాప్ దగ్గర గీత గీసినట్టు ఆగింది. రాని బస్సు కోసం కాళ్లు పీకేలా నిలబడ్డ ఓ ముసలావిడ, ఓ టైలరు, ఆ టైలరు భార్య ఖాకీ చొక్కా చూసి వెనక సీటులోకి ఎక్కేశారు. గుమాస్తా రొప్పుతూ వచ్చి డిక్కీ మీద రెండు చేతులా దబదబ బాదాడు. కారు వెంటనే బయల్దేరింది.

తర్వాతి స్టాపులోనూ అంతే. ఆయన అందుకోవడం, బాదడం, కారు పోవడం. "పాపం, ఎవరో ఎక్కలేకపోతున్నాడు," అని లోపల ముసలావిడ జాలిపడింది.

బజారు దగ్గర కారు గిర్రున ఒక చుట్టు తిరిగి, సంచులతో నిలబడ్డ గుమాస్తా భార్య ముందు ఆగింది. వెనకే వచ్చిన గుమాస్తా మళ్లీ డిక్కీ బాదబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఆగమనాలంటే ఒక్కసారే తట్టాలండీ. డ్రైవరుగారి అల్లుడై ఉండి ఈ మాత్రం తెలీదా?"

"ఆ మూలుగు..." అన్నాడు ఊపిరందక.

"ఏదీ మూలుగు? నా కళ్లముందే ఇంత చుట్టు తిరిగింది, కిక్కురుమనలేదు. ఇనుం కొట్టుకి ఫోన్ చెయ్యన్లెండి."

గుమాస్తా కళ్లు చెమర్చాయి. కారు బతికింది. ఆ ఆనందంలో నడిరోడ్డు మీద గంతులేద్దామనుకున్నాడు గానీ కాళ్లు ఒప్పుకోలేదు.

"నాన్న చెయ్యి పడేసరికి ఎలా దారికొచ్చిందో చూశారా," అంటూ ఆవిడ ముందు సీటులో కూర్చుని సంచులు ఒళ్లో పెట్టుకుంది. ఆయిల్ మార్చింది తనేనని చెప్పాలనుకుని, ఆ సంగతి కూర్చున్నాక చెప్పొచ్చులెమ్మని గుమాస్తా వెనక తలుపు తీశాడు.

మామగారు అద్దంలో ఒకసారి లెక్క చూసుకున్నారు. "సీట్లు నిండాయి బాబూ. వెనకే ఇంకో బండి వస్తోంది, దాంట్లో రా," అన్నారు.

ఆ బండి ఇంకా రాలేదు.