మా కార్డు వేగం నాలుగొందల డెబ్భై

గ్రాఫిక్స్ కార్డుని ఓవర్‌క్లాక్ చేయని ఇంట్లో క్రమశిక్షణ ఉండదు. ఈ మాట నేను బాగా ఆలోచించే అంటున్నాను. ఇంటికొక గ్రాఫిక్స్ కార్డు ఇచ్చి, దాన్ని ఓవర్‌క్లాక్ చేసి తీరాలని ప్రభుత్వం వారు చట్టం చేసి ఉంటే, ఈ రెండు వేల ఏడు నాటికి మన కోనసీమ ఎక్కడికో వెళ్లిపోయేది!

తెలియనివారి కోసం చెబుతాను. కంప్యూటర్‌లో బొమ్మలు గీసే పని చూసుకునేది గ్రాఫిక్స్ కార్డు. అది గట్టిదైతే గేములో కారు గాలిలా పోతుంది. నీరసపుదైతే ఆగి ఆగి, దగ్గి దగ్గి పోతుంది. ఇంత వేగంతో పని చెయ్యమని తయారుచేసినవాళ్లే దానికి ఒక అంకె పెట్టి పంపుతారు. మా అన్నయ్య వినయ్ కార్డుకి నాలుగొందలు పెట్టారు. 'అబ్బే, చాలదు, ఇంకా పరిగెత్తు' అని దాన్ని అదిలించడమే ఓవర్‌క్లాకింగ్.

ఇదేమైనా మనకి కొత్తా? ముగ్గురు కూర్చోవలసిన రాజోలు ఆటోలో పదకొండుమందిమి కూర్చుని, డ్రైవరుకి సగం సీటు మనమే దయతలచి ఇస్తాం కదా! రావులపాలెంలో అరటిగెలలు ఎక్కించిన లారీని చూశారా? లారీ కనబడదు, గెలలే నడిచి వెళుతున్నట్టుంటుంది. ఓవర్‌క్లాకింగ్‌లో మనల్ని మించినవాళ్లు లేరు.

కానీ ఆటోవాళ్లకీ లారీవాళ్లకీ తెలియనిది, మా అన్నయ్యకి తెలిసినది ఒకటుంది. అది జాగ్రత్త!

ఆ జాగ్రత్తలన్నీ అన్నయ్య స్నేహితుడు ఆంజనేయప్రసాద్ అమలాపురం నెట్ సెంటర్లో ప్రింటు తీయించి తెచ్చాడు. నా దస్తూరి బాగుంటుందని వాటిని తెలుగులో చార్టు మీద నా చేతే రాయించారు. వేగం ఒక్కసారిగా పెంచకూడదు, పదేసి చొప్పున పెంచాలి. పెంచిన ప్రతిసారీ కాసేపు నడిపించి ఎలా ఉందో చూసుకోవాలి. వేడి ఎనభై డిగ్రీలు దాటనివ్వకూడదు. గాలి బాగా ఆడాలి. దుమ్మూ పొగా తగలకూడదు. తెర మీద చుక్కలు కనబడితే పాపం అలసిపోయిందని అర్థం, వెంటనే వేగం తగ్గించి విశ్రాంతి ఇవ్వాలి.

ఎంత దయగల మాటలు! రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి.

గాలి బాగా ఆడాలి అన్న నిబంధన ప్రకారం సీపీయూకి పక్క మూత ఊడదీశారు. రేకుల గదిలో నా చదువుబల్ల మీదున్న టేబుల్ ఫ్యాను హాల్లోకి వెళ్లి, స్టూలెక్కి, ఆ తెరిచిన పక్కటెముకల్లోకి గాలి కొట్టడం మొదలుపెట్టింది. నేను పదో తరగతి. మార్చి ఆఖరున పబ్లిక్ పరీక్షలు. మా రేకుల గదిలో ఫిబ్రవరి నుంచే మే నెల ఉంటుంది.

అయితేనేం? ఫ్యాను లేకపోతే ఎన్ని లాభాలో మీరెప్పుడైనా ఆలోచించారా? కాగితాలు ఎగరవు. చెమటకి మోచెయ్యి పుస్తకానికి అతుక్కుపోతుంది కాబట్టి ఎవరు పిలిచినా లేవలేం, ఏకాగ్రత దానంతటదే వస్తుంది. సాంఘికశాస్త్రంలో ఎడారుల పాఠం నాకొచ్చినట్టు మా క్లాసులో ఇంకెవరికీ రాలేదు.

అయినా మనసు కోతి కదా, ఒకసారి అడిగాను. అడగడానికి రెండు రోజులు పట్టింది.

"అన్నయ్యా, ఓ గంట ఫ్యాను ఇస్తావా?"

"పిచ్చిదానా! డెబ్భై ఆరులో ఉందే. ఫ్యాను తీస్తే కాలిపోద్ది."

"మరి నేనో?"

"నువ్వు మనిషివి కదే, నీకు చెమట పడద్ది. దానికి చెమట పట్టదు కదా, పాపం!"

సైన్సు ముందు నేనేం మాట్లాడగలను?

పొగ తగలకూడదు అన్న నిబంధన అమ్మ ఆరోగ్యాన్ని కాపాడింది. హాలుకీ వంటింటికీ మధ్య గోడ సగమే ఉంటుంది. అందుకని ఆట నడుస్తున్నంతసేపూ పోపు పెట్టకూడదని అన్నయ్య ఆర్డరు వేశాడు.

"పోపు లేకపోతే అది చారెలా అవుద్దిరా? వేడినీళ్లవుద్ది" అంది అమ్మ.

"రేసు అయ్యాక పెట్టుకోమ్మా."

"మీ రేసు అయ్యేసరికి చారు చల్లారిపోద్ది కదరా!"

"అయితే మంచిదేగా, వేడి తగ్గుద్ది."

మా మామ్మ కనకరత్నం గారి సాంబ్రాణి కూడా గొడ్లసావిట్లోకి మారింది. ఇప్పుడు మా గేదె దగ్గర గుడి వాసన వస్తుంది. ఇంతటి ఆధ్యాత్మిక ప్రగతి ఓవర్‌క్లాకింగ్ లేకుండా సాధ్యమా?

మామ్మ మాత్రం ఊరుకోలేదు. "అంత వేడి చేసినప్పుడు మాడు మీద ఆముదం పెట్టాలి గానీ, ఫ్యాన్లేంట్రా?" అంది. అందరూ నవ్వారు. ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా సీపీయూ నెత్తిన అరచేతి మందాన ఆముదం పెట్టి, చక్కగా మర్దనా చేసింది. మర్నాటికి అక్కడ దుమ్ము అట్టకట్టుకుపోయింది. అన్నయ్య మూడుసార్లు సబ్బుగుడ్డతో తుడిచాడు. మామ్మ తన వైద్యం మధ్యలో పాడుచేశాడని రెండు రోజులు మాట్లాడలేదు.

నాకు కూడా బాధ్యతాయుతమైన ఉద్యోగం ఒకటి ఇచ్చారు. అన్నయ్య ఆడుతున్నంతసేపూ పక్కన కూర్చుని, పది నిమిషాలకోసారి తెర మూలనున్న డిగ్రీల అంకె చూసి నోటుబుక్కులో రాయాలి. డెబ్భై నాలుగు, డెబ్భై అయిదు, డెబ్భై ఏడు. మధ్యమధ్య దొరికే తొమ్మిది నిమిషాల్లో లెక్కలు చేసుకోవచ్చు. సమయపాలన ఇలాగే అలవడుతుంది!

ఇలా పదేసి చొప్పున, ప్రతి మెట్టు దగ్గరా బుజ్జగిస్తూ, దాన్ని నాలుగొందల డెబ్భైకి తెచ్చారు. ఆ రోజు అన్నయ్య ఒక తెల్లకాగితం మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో '470' అని రాసి మానిటరు నెత్తిన అంటించాడు. ఆంజనేయప్రసాద్ దాని పక్కన నిలబడి ఫోటో కూడా దిగాడు.

ఇక్కడ మా నాన్నగారి సంగతి చెప్పాలి. కువైట్‌లో డ్రైవరు. ఈ కార్డుని మామిడికుదురు మనిషి ఒకాయన సెలవులకి వస్తుంటే ఆయన చేత పంపించింది నాన్నగారే. ప్రతి శుక్రవారం ఫోను చేస్తారు. ముందు కార్డు సంగతీ, తరవాత నా సంగతీ అడుగుతారు.

జనవరిలో, "ఆరొందలకి నాలుగొందల ఎనభై తెచ్చుకుంటే చాలమ్మా" అన్నారు. నెలాఖరుకి ఐదొందలన్నారు. ఫిబ్రవరిలో ఐదొందల ఇరవై. ఆ తరవాత, వాళ్ల రూములో ఎవరి కూతురికో మార్కులు బాగా వచ్చాయని తెలిసి, ఐదొందల నలభై. ఇరవయ్యేసి చొప్పున పెంచుకుంటూ పోయారు. చార్టులో పదేసి అని ఉంది. కువైట్‌లో చార్టు లేదు కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం.

మా స్కూలువాళ్లు మాత్రం వెనకబడతారా? పొద్దున్నే ఐదింటికి స్టడీ అవరు, సాయంత్రం స్పెషల్ క్లాసు, ఆదివారం స్లిప్ టెస్టు. నా పక్క మూత ఒక్కటే ఊడదియ్యలేదు.

మార్చి మొదటివారంలో ఒకరోజు లెక్కలు చేస్తుంటే కళ్ల ముందు చుక్కలు కనబడ్డాయి. చార్టు రాసినదాన్ని కదా, వెంటనే గుర్తుపట్టాను. హాల్లోకి వెళ్లి, "అన్నయ్యా, నా కళ్ల ముందు చుక్కలు తిరుగుతున్నాయి" అన్నాను.

అన్నయ్య తెరకేసి అటూ ఇటూ చూసి, "నాకేం కనబళ్లేదే. కార్డు బానే ఉంది" అన్నాడు. ఎంత ఊరటగా అనిపించిందో!

ఆ శుక్రవారానికి నాకు జ్వరం. ఫోను నా చేతికిచ్చారు.

"నాన్నగారూ, జ్వరమండి. నూట రెండు ఉంది."

"అయ్యో! మాత్ర వేసుకోమ్మా. పుస్తకం మాత్రం వదలకు, పడుకునైనా చదువుకో. ఐదొందల నలభై గుర్తుందా?"

"ఆయ్."

"కార్డెంతలో ఉంది?"

"నిన్న ఎనభై ఒకటి కొట్టిందండి."

"ఎనభై ఒకటా!" ఫోను నా చెవి దగ్గర ఎగిరిపడింది. "ఏడీ వాడు? దానికి రెస్టివ్వమను! రెండు రోజులు ముట్టుకోవద్దను! వస్తువనుకున్నాడా, ఏమనుకున్నాడు?"

కార్డు రెండు రోజులు విశ్రాంతి తీసుకుంది. ఫ్యాను కూడా దాని పక్కనే ఉండి తీసుకుంది. మూడో రోజు అన్నయ్య కాలేజీ పని మీద ఆంజనేయప్రసాద్‌తో అమలాపురం వెళ్లాడు. నేను హాల్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఎదురుగా చార్టు. నేను రాసిన చార్టే. 'వెంటనే వేగం తగ్గించి' అని ఎంత గుండ్రంగా రాశానో!

కంప్యూటర్ ఆన్ చేశాను. వేగం పెంచడానికి తెర మీద అటూ ఇటూ జరిపే మీట, అదే స్లైడరు, ఎక్కడుంటుందో నాకు తెలుసు, అది కదిలిన ప్రతిసారీ పక్కన నేనున్నాను. పది తగ్గించాను. ఏమీ కాలేదు. ఇంకో పది. అలా ఏడుసార్లు, మెట్టు మెట్టుకీ ఆగి, జాగ్రత్తగా నాలుగొందలకి దించేశాను. ఎర్ర అంకె కాగితం మాత్రం ముట్టుకోలేదు. అది నాది కాదు కదా!

సాయంత్రం ఇద్దరూ వచ్చి రేసు మొదలుపెట్టారు. నేను నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. ఒక్క చూపు ఆ స్లైడరు మీద పడితే నా పనైపోయినట్టే!

"రెస్టిచ్చాక చూసేవా, ఎలా పోతోందో!" అన్నాడు అన్నయ్య.

"నాలుగొందల డెబ్భై అంటే మాటలేంట్రా!" అన్నాడు ఆంజనేయప్రసాద్, కాగితం చూసి. "ఆ మలుపు చూడు, వెన్నలా తిరిగింది. మా ఇంట్లోదీ ఉంది, ఎందుకూ, నత్తలాగ!"

"దుర్గా, ఎంతే?"

"అరవై రెండు."

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. "ఇంక దానికి అలవాటైపోయిందే" అన్నాడు అన్నయ్య, బిడ్డ తప్పటడుగులు మానేసి నడిచినంత సంబరంగా. "ఫ్యాను అక్కర్లేదు. నువ్వు తీసుకుపో."

వంటింట్లో పోపు చిటపటలాడింది. సాంబ్రాణి ఇంట్లోకి వచ్చింది. "ఆముదం పని చేసిందా, లేదా?" అని మామ్మ వీధి వీధంతా అడిగింది.

అందుచేత నేను చెప్పేదేమంటే, గ్రాఫిక్స్ కార్డుని తప్పకుండా ఓవర్‌క్లాక్ చేయండి. చార్టు రాయించండి, కాగితం అంటించండి, ఫోటోలు దిగండి. తరవాత ఎవరూ లేనప్పుడు మెల్లగా వెనక్కి దించేయండి. ఒక్కరికి కూడా తేడా తెలియదు. ఇంతకన్నా సురక్షితమైన పద్ధతి ఏ నెట్ సెంటర్లోనూ దొరకదు!

ఇప్పుడు రేకుల గదిలో ఫ్యాను తిరుగుతోంది. కాగితాలు ఎగురుతున్నాయి. చదువు బానే సాగుతోంది. మొన్న శుక్రవారం ఫోను మోగింది.

"కార్డెలా ఉందమ్మా?"

"అరవై రెండండి, నాన్నగారూ."

"శభాష్! అలా చల్లగా ఉండాలి. నీకు జ్వరం తగ్గింది కదా? ఐదొందల అరవై అనుకుందామా మరి?"

"ఆయ్" అన్నాను.

ఏం చెయ్యను? నా స్లైడరు కువైట్‌లో ఉంది. అంత దూరం నా చెయ్యి అందదు.