పాపక్క ముగ్గులో గేరు ఆయిలు

ఆ ఉదయం పద్మావతి అనుకున్నది చిన్న పనే. పీణ్య పారిశ్రామికవాడలో ఒక వర్క్‌షాపు పూజకు పదకొండుకల్లా పులిహోర చేర్చాలి. అది ఆమె మొదటి ఆర్డరు. రుచి నచ్చితే పనివాళ్ళ మధ్యాహ్న భోజనం కూడా రోజూ ఆమెకే ఇస్తానని మేనేజరు శామ్యూల్ మాటిచ్చాడు.

"ఏమండీ, బండి తీయండి," అంది గిన్నెకు మూత కడుతూ.

"గేరు ఆయిలు చూసి తీస్తా," అన్నాడు భర్త రాజగోపాల్. గేర్లు దానంతటదే మార్చుకునే పాత కారు అది. కొన్నప్పటి నుంచి ఆయన ఆ ఆయిలు జోలికి పోలేదు. రాత్రి ఫోనులో దాని గురించి వీడియో చూశాడు, అంతే.

"వచ్చినాక చూడకూడదా?"

"దారిలో ఆగిపోతే పులిహోర నెత్తిన పెట్టుకోని పోతావా?"

ఇంజను వేడెక్కి నడుస్తుండాలి, కారు సమంగా ఉన్న నేల మీద నిలవాలి అని వీడియోలో చెప్పారు. వాళ్ళ వీధంతా వాలు. సమంగా ఉన్నది ఎదురింటి పాపక్క వాకిలి ఒక్కటే. రాజగోపాల్ కారును అటూ ఇటూ తిప్పి ఇంజను వేడెక్కించి, చక్రాలు ముగ్గు తొక్కకుండా అక్కడ నిలిపాడు. వంటింటి గుడ్డ పట్టుకుని, ఆయిలు కొలిచే సన్నటి కమ్మీని బయటికి లాగి, జ్వరం చూసే గాజుపుల్లలా విదిలించాడు.

మూడు ఎర్రటి ఆయిలు చుక్కలు ముగ్గులో పడ్డాయి. కడిగేద్దామని చెంబెడు నీళ్ళు పోశాడు. చుక్కలు చాపంత అయ్యాయి. ఆయన కంగారుగా ఇంజను ఆపేశాడు.

అప్పుడే పాపక్క తలుపు తీసింది.

"ఎవరప్పా నా వాకిట్లో దిష్టినీళ్ళు పోసింది!"

నిజం చెబుదామని రాజగోపాల్ నోరు తెరిచాడు.

"పోసినోళ్ళ చేతులు పడిపోను!" అంది పాపక్క.

ఆయన నోరు మూసుకుని, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వేమన్నా చూసినావా గోపాలప్పా?"

"ఇప్పుడే వచ్చినానక్కా."

"అయ్యో, నీ బండి దానిమీదనే నిలబడి ఉండాదే! కదిలించొద్దు. పూజారి వచ్చేదాకా ఈడనే ఉండనీ."

ఆమె చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. వీధి వీధంతా వచ్చింది. పక్కింటావిడకు నిన్న మిక్సీ ఎందుకు కాలిందో ఇప్పుడు అర్థమైంది. మేడమీదావిడకు తన మోకాలి నొప్పి సంగతి తెలిసింది. తలా ఒక గుమ్మడికాయ తెచ్చి కారు ముందు పగలగొట్టారు. ఇక కదిలిద్దామన్నా కారుకు దారి లేదు.

గిన్నెతో బయటికొచ్చిన పద్మావతి వంగి, ఆ ఎరుపును వేలితో తాకి వాసన చూసింది. తరువాత భర్త చేతిలోని తన వంటింటి గుడ్డను చూసింది. నిజం చెప్పేయవచ్చు. కానీ పాపక్క తిట్లు పదకొండుకు ముగిసేవి కావు.

"అక్కా, ఈ దిష్టంతా మా బండి మీదికే లాగేద్దాం. మావారు లోపల కూర్చుంటారు. మీ ఇంటికేమీ అంటదు. నా పులిహోర మాత్రం పీణ్యకు చేర్పించు."

పాపక్క కళ్ళు చెమర్చాయి. "ఎంత మంచి మనసే పద్మా నీది! రామూ, ఆటో తీయరా!" అని కొడుకును కేకేసింది.

పద్మావతి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. సోమవారం నుంచి భోజనాల ఆర్డరు ఆమెదే. రాజగోపాల్ ఇంకా కారులోనే ఉన్నాడు. నుదుట రూపాయంత కుంకుమ, ఎదురుగా అద్దానికి మిరపకాయల దండ.

"ఇంతకీ ఆయిలు ఎంతుండాది?"

"చూడలేదు," అన్నాడాయన. "ఇంజను చల్లారిపోయింది. వేడిమీద చూడాలంట."