ఇరవై పాత్రలు

ఆ ఉదయం డిజైనరు పెట్టుకున్న పని ఒక్కటే. మర్నాడు పది గంటలకు యజమానికి చూపించాల్సిన ఆన్‌లైన్ ఆట కోసం ఇరవై పాత్రలు రాయించుకోవాలి. వేలమంది ఎక్కడెక్కడి నుంచో చేరి, తలా ఒక పాత్రగా మారి, కలిసి ఆడే ఆట అది. అంతకుముందు చేసిన రెండు ఆటలనూ జనం వారంలో ముగించి వెళ్లిపోయారు. మూడోదీ అంతే అయితే విభాగమే మూసేస్తానని యజమాని చెప్పేశాడు.

"రేపటికి ఇరవై పాత్రలు కావాలి" అని చీటీ రాసి, ఫోన్ నంబరు వేసి, కొత్తగా చేరిన రచయిత బల్ల మీద పెట్టి వచ్చాడు. ఆ బల్ల ముందురోజే స్టోరు గుమాస్తాకు మారిందని ఆయనకు తెలియదు. ఇద్దరి ముఖాలూ ఆయన ఎరగడు.

గంటలో ఫోను మోగింది.

"చీటీ చూశానండీ. కొత్తవే కావాలా, వాడినవైనా సరేనా?"

"కొత్తవైతే మంచిదే. కానీ నలిగినవాటి అందం వేరు."

"లోతు ఉండాలా?"

"లోతు లేకపోతే ఎవరిక్కావాలండీ?"

"మందమైనవి?"

"రెండు మూడు చాలు, నవ్వుకోవడానికి."

"సొట్టలున్నా ఫరవాలేదా?"

"ఉండాలి. ఏ సొట్టా లేని పాత్రను నేను నమ్మను."

"అన్నీ ఒక్క ఇంటివే అయితేనో?"

"ఒకే కుటుంబమా? ఇంకేం కావాలి."

ఇంత చక్కగా మనసెరిగిన రచయిత దొరికాడని డిజైనరు ఆ సాయంత్రం భార్యకు కూడా చెప్పాడు.

మర్నాడు పది గంటలకు స్టోరు గుమాస్తా రెండు గోనెసంచులు మోసుకొచ్చి, యజమానీ ఆఫీసు వాళ్లూ కూర్చున్న సమావేశపు బల్ల మీద గుమ్మరించాడు. గిన్నెలు, చెంబులు, ఒక బిందె, గరిటె, మూతలు.

"ఇవేమిటండీ?" అన్నాడు డిజైనరు.

"పాత్రలండీ. స్టోరులో లేవు, ఇంటి నుంచి తెచ్చాను."

"ఆటెక్కడ?" అన్నాడు యజమాని.

డిజైనరు చేతికందిన చెంబు తీసుకున్నాడు. "ఇదే సార్. తలా ఒకటి తీసుకోండి. మీ పాత్రకు జోడీ ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి."

అకౌంటెంటుకు గరిటె వచ్చింది. "దీనికి గిన్నె ఎవరిస్తారు?"

"నా సెలవు చీటీ మీద సంతకం పెట్టండి, ఇస్తాను" అంది టైపిస్టు.

యజమానికి ఒక మూత వచ్చింది. ఒక గిన్నెకు చిన్నదైంది, ఇంకోదానిలో జారిపడింది. పన్నెండయ్యేసరికి అందరికీ జోడీలు దొరికాయి, ఆయనకు తప్ప.

"దీని గిన్నె ఎవరో దాచారు" అన్నాడు యజమాని, బల్ల కిందికి వంగి.

"దానికి గిన్నె లేదండీ" అన్నాడు గుమాస్తా. "ఎక్కడ పెట్టిందో మా ఆవిడకే తెలుసు. ఆవిడ పోయి ఏడాదైంది. ఒక్కణ్ణి కదా, రెండు గిన్నెలతో సరిపోతోంది. ఇవి ఊరికే ఉన్నాయని తెచ్చాను."

యజమాని లేచి నిలబడి మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే ఈ ఆట అయిపోదన్నమాట."

"అయిపోదండీ. నేను ఏడాదిగా వెతుకుతున్నాను."

మర్నాడు విభాగం మూసేస్తున్నట్టు కాగితమేదీ రాలేదు. యజమాని మాత్రం తన ఇంట్లోని గిన్నెలన్నీ సంచిలో వేసుకుని పది నిమిషాలు ముందే వచ్చాడు.